బంతి దొరికింది, వెలుగే దొరకలేదు

ఆగస్టు వచ్చిందంటే అమెరికా హైస్కూళ్లలో అమ్మాయిల వాలీబాల్ సీజన్ మొదలవుతుంది. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలూ ఆ జట్లలో కనిపిస్తుంటారు. అమ్మానాన్నలు జిమ్ మెట్ల మీద కూర్చుని, పిల్ల గాల్లోకి లేచిన ప్రతిసారీ ఫోనెత్తి నొక్కుతారు. ఆట ముగిశాక ఆ ఫొటోలు వాట్సాప్‌లో ఇంటి గ్రూపులో పడతాయి. పచ్చగా, మసగ్గా ఒక గది. నేల మీద కాళ్లు స్పష్టంగానే ఉంటాయి, చేతులు మాత్రం ఉండవు. బంతి ఉండాల్సిన చోట తెల్లటి చార ఒకటి. గుంటూరు నుంచి అమ్మమ్మ అడుగుతుంది: "ఇందులో మన పిల్ల ఏదే?"

జిమ్‌లో చీకటేమీ లేదు. కూర్చున్నచోట పేపరు చదువుకోవచ్చు. ఆటగాళ్లకు బంతి కనబడుతూనే ఉంది, ప్రేక్షకులకూ కనబడుతోంది. అదే ఫోను మొన్న పార్కులో పరిగెత్తే కుక్కపిల్లను చక్కగా పట్టింది. మరి ఇక్కడేమైంది?

మన ఊళ్లలో వాలీబాల్ ఆరుబయటి ఆట. బడి మైదానంలోనో, సంక్రాంతి పోటీలకు చదును చేసిన పొలంలోనో, సాయంత్రపు ఎండలో ఆడతారు. అయితే ఆట పుట్టింది నాలుగు గోడల మధ్యే. 1895లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని హోలియోక్ అనే ఊళ్లో, వైఎంసీఏ వ్యాయామశాల నడిపే విలియం మోర్గన్ దీన్ని తయారుచేశాడు. అమెరికా బడుల్లో ఈనాటికీ దీని ఇల్లు జిమ్మే. చిక్కంతా ఆ ఇంటి పైకప్పు దగ్గర మొదలవుతుంది.

కన్ను లెక్క చెప్పదు

వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. మధ్యాహ్నపు నిండు ఎండ సుమారు లక్ష లక్స్. మామూలు స్కూలు జిమ్‌లో మూడొందల నుంచి ఐదొందలు ఉంటే బాగున్నట్టే. దీపాలు పాతబడ్డచోట అదీ ఉండదు. టీవీ ప్రసారాలున్న పోటీలకు స్టేడియంలో వెయ్యి లక్స్ పైమాటే. 2022లో ప్రైమ్ వాలీబాల్ లీగ్ తొలి సీజన్ హైదరాబాద్‌లోని గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జరిగింది. అలాంటిచోట ఆట టీవీలో అంత స్పష్టంగా కనిపించడానికి కెమెరాలు ఒక కారణమైతే, వాటి కోసం వెలిగించిన దీపాలు అంతకన్నా పెద్ద కారణం.

లక్ష ఎక్కడ, మూడొందలెక్కడ? ఎండలోంచి జిమ్‌లోకి అడుగుపెడితే వెలుతురు మూడొందల రెట్లకు పైగా పడిపోతుంది. మనకు మాత్రం "కాస్త తగ్గింది" అనిపిస్తుందంతే. కనుపాప రెండు మిల్లీమీటర్ల నుంచి ఎనిమిదిదాకా విప్పారగలదు. దానివల్ల పెరిగే వెలుగు మహా అయితే పదహారు రెట్లు. మిగతా సర్దుబాటు రెటీనా రసాయనాలదీ మెదడుదీ. మెదడు నికరపు అంకె చెప్పే గుమాస్తా కాదు. పోల్చి చూసి, లోటును పూడ్చి, మనకు చదునైన బొమ్మ అందిస్తుంది. కెమెరాకు ఆ మర్యాద తెలియదు. వచ్చినంతే వచ్చిందని రాసుకుంటుంది.

సెకనులో ఎంత ముక్క కావాలి?

హైస్కూలు అమ్మాయి గట్టిగా కొట్టిన బంతి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుందాం. లెక్కకు వీలైన అంకె ఇది, సెకనుకు సరిగ్గా ఇరవై మీటర్లు. కెమెరా తెర (షట్టర్) సెకనులో అరవయ్యో వంతు తెరుచుకుంటే, ఆ కాస్తలో బంతి 33 సెంటీమీటర్లు జరిగిపోతుంది. వాలీబాల్ వెడల్పు 21 సెంటీమీటర్లే. అంటే తనకన్నా ఒకటిన్నర రెట్లు పొడవున బంతి తన్ను తాను పూసుకుంటూ పోయింది. ఫొటోలో తెల్లచార అదే. కొట్టిన చెయ్యి కూడా అదే తీరున గాల్లో కరిగిపోతుంది. నేల మీద నిలబడిన కాళ్లు కదల్లేదు గనుక స్పష్టంగా మిగిలాయి.

రెండొందల యాభయ్యో వంతుకు తగ్గిస్తే చార 8 సెంటీమీటర్లు. వెయ్యో వంతుకు తెస్తే రెండే. అప్పుడు బంతి బంతిలా ఉంటుంది, మీద కుట్లు కూడా కనిపిస్తాయి. ఆట ఫొటోలు తీసేవాళ్లు వెయ్యో వంతు కోసం అంత పట్టుబట్టేది అందుకే.

ఫోను ఆ పని ఎందుకు చేయదు? తెలియక కాదు. అరవయ్యో వంతు నుంచి వెయ్యో వంతుకు వస్తే లోపలికొచ్చే వెలుగు దాదాపు పదిహేడో వంతుకు పడిపోతుంది. ముందే పేదరికం, ఆపైన కోత. అందుకని ఫోను తన లెక్క ప్రకారం బొమ్మను వెలుగుగా ఉంచి, కదలికను వదిలేస్తుంది. రాత్రి ఫొటోల కోసం ఫోన్లు వాడే ఉపాయం కూడా ఇక్కడ బెడిసికొడుతుంది. అది వరసగా కొన్ని ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు కడుతుంది. గుడి గోపురానికి అది భేషుగ్గా పనిచేస్తుంది. గాల్లో ఉన్న పిల్లకు మూడు మోచేతులు మొలుస్తాయి.

కోత పెట్టిన వెలుగును తిరిగి తెచ్చుకునే దారి లెన్సు. లెన్సు నోరు ఎంత పెద్దదో ఎఫ్ అంకె చెబుతుంది, తిరకాసేమిటంటే అంకె చిన్నదయ్యేకొద్దీ నోరు పెద్దది. కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే జూమ్ లెన్సును దూరానికి లాగితే సాధారణంగా ఎఫ్ 5.6కు వచ్చి ఆగుతుంది. ఎఫ్ 2.8 లెన్సు దానికి నాలుగింతల వెలుగు తెస్తుంది, ఎఫ్ 1.8 దాదాపు పదింతలు. మూడొందల లక్స్ జిమ్‌లో వెయ్యో వంతు సెకను కావాలంటే, పెట్టె లెన్సుతో, వచ్చిన వెలుగును హెచ్చవేసే ఐఎస్ఓ అంకెను పాతికవేలకు పైగా పెట్టాలి. ఎఫ్ 2.8తో 6,400 చాలు. ఎఫ్ 1.8 ఉంటే రెండున్నరవేల దగ్గర పని జరుగుతుంది. ఖరీదైన 70–200 జూమ్ లేదని దిగులుపడేవాళ్లకు నేను చెప్పేదొకటే. 85 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు దాని ధరలో చిన్న వంతుకు దొరుకుతుంది, వెలుగు విషయంలో దాన్ని ఓడిస్తుంది. జూమ్ ఉండదు, కాళ్లకు పని చెప్పాలి.

మూల్యం లేకపోలేదు. నోరు పెద్దదైతే స్పష్టంగా ఉండే లోతు తగ్గుతుంది. 85 లెన్సుతో ఎఫ్ 1.8లో తొమ్మిది మీటర్ల దూరంలోని ఆటగత్తెను పడితే, ఆమెకు ముందూ వెనకా కలిపి మీటరుకు కాస్త పైన మాత్రమే స్పష్టం. నెట్ దగ్గరున్న ఆమె బాగా వస్తుంది, రెండు అంగలు వెనకున్న స్నేహితురాలు మసకబారుతుంది. కెమెరాలోని ఆటోఫోకస్‌కు నెట్ మీద మహా మోజు. ఒకదాన్నొకటి దాటే నల్లటి తాళ్లకన్నా దానికి తేలిగ్గా చిక్కేది మరొకటి లేదు. కూర్చునే చోటు మార్చి, నెట్‌ను పక్క నుంచి చూసేలా చేసుకుంటే ఆ బెడద సగం వదులుతుంది.

చుక్కలు ఎక్కడివి?

ఫొటోను పెద్దది చేసి చూస్తే ముఖం మీద ఇసుక చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. ఇది కెమెరా నాసితనం అని చాలామంది అనుకుంటారు. ఎంత మంచి కెమెరా కొన్నా పూర్తిగా పోని చుక్కలివి, ఎందుకంటే వీటిలో పెద్దవాటా వెలుగుదే.

వెలుగు ధారగా కాక విడివిడి రేణువులుగా వస్తుందని 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు. ఆ రేణువులే ఫోటాన్లు. డాబా మీద ఒకే కొలత గ్లాసులు వందలకొద్దీ పేర్చి పెట్టారనుకోండి. తుంపర పడుతోంది. పది సెకన్లపాటు మూత తీసి మళ్లీ మూసేస్తే ఒక గ్లాసులో ఎనిమిది చినుకులుంటాయి, పక్కదాంట్లో పదమూడు, ఇంకోదాంట్లో పది. వాన అన్నిటి మీదా ఒకేలా కురిసింది, గ్లాసులకే తేడాలొచ్చాయి. అదే గంటసేపు కుండపోతగా కురిస్తే అన్ని గ్లాసుల్లోనూ నీటిమట్టం ఒకటే అనిపిస్తుంది. ఎగుడుదిగుళ్లు లేక కాదు, మొత్తం ముందు అవి లెక్కలోకి రావు.

కెమెరా సెన్సర్ మీద ఇలాంటి గ్లాసులు కోట్లలో ఉంటాయి. ఒక్కోదాంట్లో సగటున పదివేల ఫోటాన్లు పడితే తేడా వందకు అటూ ఇటూ, అంటే నూటికొకటి. కంటికి ఆనదు. సగటు వందకు పడిపోతే తేడా పది చొప్పున వస్తుంది, అంటే పదో వంతు. ఒకే రంగు జెర్సీలో ఒక చుక్క ముదురుగా, పక్కది లేతగా కనిపించేది ఈ పదో వంతు వల్లే. నల్ల షార్ట్స్‌లో, నీడ పడ్డ ముఖాల్లో ఫోటాన్లు మరీ తక్కువ, కాబట్టి చుక్కలు ముందు అక్కడే పొడుచుకొస్తాయి. సెన్సర్‌ను చదివే విద్యుత్ పరికరాలు తమ వంతు గోల కొంత కలుపుతాయి. ఆధునిక కెమెరాల్లో అది చాలావరకు తగ్గింది. వాన లెక్కను మాత్రం ఏ కంపెనీ మార్చలేదు.

ఇక్కడే సెన్సర్ సైజు ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా సెన్సర్ 36 × 24 మిల్లీమీటర్లు. మంచి ఫోనులో ప్రధాన కెమెరా సెన్సర్ పది మిల్లీమీటర్ల పొడవుంటే గొప్ప. విస్తీర్ణంలో తేడా పదింతలు దాటుతుంది, పట్టే వాన కూడా అంతే. ఆపైన మెట్ల చివరి వరసలో కూర్చుని వేళ్లతో మూడురెట్లు జూమ్ చేస్తే, ఆ చిన్న సెన్సర్‌లో తొమ్మిదో వంతే వాడుకున్నట్టు. ఫోనుతోనే తీయాలనుకునేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే సలహా నా దగ్గర లేదు: జూమ్ చేయకండి, కిందికి దిగి దగ్గరకెళ్లండి.

బాక్సు: ఐఎస్ఓ చేసేది, చేయనిది

ఐఎస్ఓ పెంచితే సెన్సర్ చురుకవుతుందన్న మాట తరచూ వినిపిస్తుంది. నిజానికి గ్లాసులో పడ్డ నీళ్లు పడ్డన్నే. ఐఎస్ఓ పెంచడమంటే ఆ నీటిమట్టాన్ని రాసుకునేటప్పుడు అన్నిటినీ ఒకే అంకెతో హెచ్చవేయడం. ఎనిమిది ఎనభై అవుతుంది, పదమూడు నూటముప్పై అవుతుంది. వాటి మధ్య తేడా కూడా అదే లెక్కన పెరిగి కంటికి కనిపిస్తుంది. చుక్కలను పుట్టించింది ఐఎస్ఓ కాదు, కొరతపడ్డ వెలుగు. ఐఎస్ఓ దాన్ని బయటపెట్టిందంతే.

ఇది తెలియక జరిగే నష్టం ఒకటుంది. చుక్కలొస్తాయని భయపడి ఐఎస్ఓ తగ్గించి నల్లటి ఫొటో తీసి, ఇంటికెళ్లి కంప్యూటర్‌లో వెలుగు పెంచుతారు. ఆ పెంచడమూ హెచ్చవేతే. చుక్కలు అన్నీ తిరిగొస్తాయి, కొన్ని కెమెరాల్లో ఇంకాస్త ఎక్కువగా. చుక్కలున్న స్పష్టమైన ఫొటోను బాగు చేయవచ్చు. చెయ్యి చెరిగిపోయిన ఫొటోకు మందు లేదు.

ఒకే దీపం, వరసకో రంగు

సరే, మంచి లెన్సు పెట్టి, ఐఎస్ఓ పెంచి, వెయ్యో వంతుకు తెచ్చి, వరసగా పది ఫొటోలు కొట్టారు. ఒకటి తెల్లగా, ఒకటి నారింజగా, ఒకటి పై సగం వెలుగూ కింది సగం నీడగా వచ్చింది. కెమెరా పాడైందని దుకాణానికి పట్టుకెళ్లేది ఇలాంటప్పుడే.

అమెరికాలో కరెంటు సెకనుకు అరవైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. ప్రతి ఊపులో రెండు శిఖరాలు, అంటే జిమ్ దీపం సెకనుకు 120 సార్లు ఎగసి తగ్గుతుంది. మన కంటికి ఆ వేగం అందదు, నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది. పాత జిమ్‌లలోని మెటల్ హేలైడ్ దీపాలకు, పాత చోక్ ఉన్న ట్యూబులకు ఈ ఊగిసలాట బాగా ఎక్కువ. వెలుగు పడిపోయే క్షణంలో వాటి రంగు కూడా మారుతుంది. ఎల్ఈడీ పెడితే తీరుతుందనుకుంటాం. ఎల్ఈడీ అయితే ఇంకా చురుకు, లోపల కరెంటును సర్దే డ్రైవర్ చవకదైతే కరెంటు ఊగినట్టల్లా తనూ ఊగుతుంది. డ్రైవర్ మంచిదైతే అసలు ఊగదు.

నూటిరవయ్యో వంతు సెకను తెర తెరిస్తే ఒక ఎగుడూ ఒక దిగుడూ పూర్తిగా లోపలికొస్తాయి, ప్రతి ఫొటోకూ ఒకే వాటా. వెయ్యో వంతుకు తెరిస్తే ఆ అలలో ఎనిమిదో వంతు ముక్కే చిక్కుతుంది. అది శిఖరమా, లోయా అన్నది అదృష్టం. పైగా కెమెరా తెర మొత్తం ఒక్కసారే తెరుచుకోదు. రెండు తెరలు ఒకదాని వెనక ఒకటి పరిగెడతాయి, మధ్యలోని సన్నటి సందు సెన్సర్‌ను ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తుడుస్తుంది. ఆ పరుగుకు దాదాపు రెండొందల యాభయ్యో వంతు సెకను పడుతుంది. ఆ లోగా దీపం శిఖరం నుంచి లోయకు దిగిపోవచ్చు. సగం వెలుగు, సగం నీడ వెనకున్న కథ ఇది. పైకప్పు మీది దీపాలను మూడు ఫేజుల మీద పంచిన జిమ్‌లలో ఒక దీపం ఎగసేటప్పుడు పక్కది తగ్గుతుంటుంది. అక్కడ కోర్టు ఒక కొస ఒక రంగు, మరో కొస మరో రంగు.

ఫోను మొండిగా నూటిరవయ్యో వంతునో అరవయ్యో వంతునో పట్టుకు వేలాడటానికి ఇదింకో కారణం. ఫోను సెన్సర్‌ను వరస తర్వాత వరసగా చదువుతుంది కాబట్టి వేగం పెంచితే బొమ్మంతా అడ్డపట్టీలు పడతాయి. పట్టీలు రాకుండా ఉండటానికి చాలా ఫోన్లు దీపపు లయకు సరిపడే వ్యవధులనే ఎంచుకుంటాయి. పట్టీలు పోతాయి, చెయ్యి చెరుగుతుంది.

కెమెరాలకు దీనికి మందు దొరికింది. 2014లో వచ్చిన కేనన్ ఈఓఎస్ 7డీ మార్క్ 2 దీపపు ఊగిసలాటను కనిపెట్టి, శిఖరం వచ్చేదాకా ఓ క్షణం ఆగి అప్పుడే తెర తెరిచేది. తర్వాత ఈ యాంటీ ఫ్లికర్ సౌకర్యం చాలా కెమెరాల్లోకి వచ్చింది. మెనూలో ఎక్కడో మూలన ఉంటుంది, వెతికి ఆన్ చేసుకోవాలి. 2023 చివర్లో సోనీ ప్రకటించిన ఆల్ఫా 9 త్రీ సెన్సర్ మొత్తాన్ని ఒకే క్షణంలో చదువుతుంది, కాబట్టి సగం సగం గొడవ అక్కడ ఉండదు. దాని ధర స్కూలు వాలీబాల్‌కు తగింది కాదు, ఆ మాట వేరు.

బాక్సు: అరవై, యాభై

మన దేశంలో కరెంటు ఊగేది సెకనుకు యాభైసార్లు, దీపం ఎగసేది వందసార్లు. అమెరికాలో సర్దుకున్న కెమెరాను సెలవులకు ఇక్కడికి తెచ్చి ఇండోర్ స్టేడియంలో వీడియో తీస్తే పట్టీలు పాకడం మొదలవుతుంది. మెనూలో 60 హెర్ట్జ్‌ను 50కి మార్చాలి, సురక్షితమైన వ్యవధి నూటిరవై నుంచి వందో వంతుకు మారుతుంది. ఏ దీపం ఊగుతోందో తెలుసుకోవడం తేలిక. ఫోనులో స్లోమోషన్ వీడియో పెట్టి పైకప్పు వైపు తిప్పండి. దీపాలు కొట్టుకుంటున్నట్టు కనిపిస్తే ఆ జిమ్‌తో జాగ్రత్త.

ఆటే ఇచ్చే సాయం

ఇంతవరకు చెప్పినదంతా లోటు పంచుకోవడం గురించే. కదలిక చెరగడమా, చుక్కలా, లోతు పోవడమా అన్న బేరం అది. వాలీబాల్ తెలిసినవాళ్లకు మాత్రం బేరం లేకుండా దొరికేది ఒకటుంది. ఈ ఆటలో అన్నీ ఎప్పుడూ వేగంగా కదలవు.

అర మీటరు ఎగిరిన అమ్మాయి గాల్లో ఉండేది సుమారు సెకనులో మూడింట రెండు వంతులు. అందులో సగం సమయం ఆమె ఎగురులోని పై పావు భాగంలోనే గడిచిపోతుంది. పైకెళ్లేకొద్దీ వేగం తగ్గి, శిఖరాన సున్నా అయి, మళ్లీ మెల్లగా మొదలవుతుంది కాబట్టి. గాల్లో ఆగిపోయినట్టు అనిపించడం భ్రమ కాదు. ఆ పై పావులో ఒంటి వేగం నేలను వదిలినప్పటి వేగంలో సగానికి మించదు. అక్కడ రెండొందల యాభయ్యో వంతు సెకనుకు ఒళ్లు మహా అయితే ఆరు మిల్లీమీటర్లకు కాస్త పైన జరుగుతుంది.

స్మాష్ కొట్టే అమ్మాయికి ఇది పూర్తిగా వర్తించదు. పరుగెత్తుకొచ్చిన వేగం ఆమె ఒంట్లో ఇంకా ఉంది, చెయ్యి కొరడాలా వస్తోంది. బ్లాక్‌కు ఎగిరే ఇద్దరి సంగతి వేరు. వాళ్లు ఉన్నచోటనే నిటారుగా లేస్తారు, చేతులు అప్పటికే చాచి ఉంటాయి. శిఖరంలో ఒళ్లూ చేతులూ అన్నీ దాదాపు నిశ్చలం. సర్వీసుకు విసిరిన బంతి పైకొసన ఆగే క్షణం కూడా అలాంటిదే. సెట్టర్, మన ఊళ్లలో లిఫ్టర్ అనే ఆటగత్తె, వేళ్ల మధ్యకు బంతిని తీసుకునే ఘడియ మరొకటి. ఆ క్షణాలకు వెయ్యో వంతు అక్కర్లేదు. మూడొందలకో నాలుగొందలకో తగ్గించి, మిగిలిన వెలుగును చుక్కలు తగ్గించడానికి ఖర్చుపెట్టుకోవచ్చు.

ముఖాల మాట కూడా చెప్పాలి. జిమ్ దీపాలు నడినెత్తిన ఉంటాయి, కళ్ల గుంతల్లో నీడ పడుతుంది. బాస్కెట్‌బాల్ తీసేవాళ్ల ఏడుపు ఎప్పుడూ ఇదే. వాలీబాల్‌లో బంతి పైన ఉంటుంది గనుక ఆటగత్తె తలెత్తి చూస్తుంది, తలెత్తితే దీపాల వెలుగు నేరుగా ముఖం మీద పడుతుంది. సర్వీసు అందుకునే ముందు, లిఫ్ట్ ఇచ్చేటప్పుడు, స్మాష్‌కు చెయ్యి వెనక్కు లాగినప్పుడు ముఖాలు వాటంతటవే వెలుగుతాయి. అదే ఆటగత్తె పాయింటు పోయి తల దించుకుంటే ముఖం చీకటి. స్మాష్ వెంట పడేవాళ్లందరికీ తెల్లచారలే దక్కుతుంటే, సెట్టర్‌ను నమ్ముకున్నవాళ్లకు మంచి ఫొటోలు రావడంలో వింతేమీ లేదు.

ఫ్లాష్, సాఫ్ట్‌వేర్

ఫ్లాష్ వేస్తే సరిపోదా? చాలా స్కూళ్లు ఆట జరుగుతుండగా వేయనివ్వవు, బంతి అందుకునే పిల్ల కళ్లలో మెరిస్తే ప్రమాదం కూడా. పోనీ వేయనిచ్చినా, దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. మెట్ల మీద నుంచి ఫోను ఫ్లాష్ వేస్తే వెలిగేది ముందు వరసలోని పెద్దాయన బట్టతల.

రంగు సంగతి ఆట మొదలుకాకముందే తేల్చుకోవడం మేలు. పైన దీపాల పచ్చదనం, కింద వార్నిష్ వేసిన మేపుల్ చెక్క నేల నుంచి ఎగిరొచ్చే పసుపు, రెండూ ముఖాల మీద కలుస్తాయి. కోర్టు మధ్య వెలుగులో ఒక తెల్లకాగితం పెట్టి, దాన్నే తెలుపుగా గుర్తించమని కెమెరాకు చెబితే సగం పని అయిపోయినట్టు.

మిగిలిన చుక్కలను తుడిచే సాఫ్ట్‌వేర్లు ఈ కొన్నేళ్లలో చాలా మెరుగయ్యాయి. 2023లో అడోబీ లైట్‌రూమ్‌లోకి వచ్చిన డీనాయిస్ అలాంటిది. లక్షల బొమ్మలు చూసి నేర్చుకున్న ఈ పద్ధతి, జుట్టు ఎలా ఉంటుందో, జెర్సీ నేత ఎలా ఉంటుందో ఊహించి చుక్కల స్థానంలో నింపుతుంది. 6,400 ఐఎస్ఓ ఫొటోను 800లో తీసినట్టు చేయగలదు. ఊహ ఊహే కాబట్టి వెలుగు మరీ తక్కువైనచోట మైనంలాంటి చర్మాన్నీ, లేని కనురెప్పలనూ గీసిపెడుతుంది. దూరంగా చిన్నగా ఉన్న ముఖాల మీద దాన్ని కాస్త తగ్గించి వాడటం మంచిది. ఇవి బాగా పనిచేసేది కెమెరా రాసుకున్న అంకెలు చెక్కుచెదరకుండా ఉండే రా ఫైళ్ల మీద. జేపెగ్‌లో కెమెరా అప్పటికే చుక్కలతో పాటు కొంత వివరాన్నీ తుడిచేసి ఉంటుంది. 2015లో జిమ్‌లో తీసిన రా ఫైలును ఈరోజు తెరిస్తే, అప్పుడు దానిలోంచి తీయగలిగిన దానికన్నా శుభ్రమైన బొమ్మ వస్తోంది. చెత్తగా ఉందనిపించిన ఫొటో అయినా, చెయ్యి చెరగకుండా ఉంటే, డిలీట్ చేయకుండా అట్టేపెట్టండి.